అధ్యయన శ్రమ - అధ్యాపక బాధ్యత: తెలుగు తరగతి గదిలో టాబ్లెట్, యాప్‌ల వినియోగంపై ఒక నైతిక పరిశీలన

వ్యాససంగ్రహం

కళాశాల తరగతి గదిలోకి టాబ్లెట్లు, నిఘంటు యాప్‌లు, ఛందస్సును గణించే సాధనాలు ప్రవేశించిన తరువాత జరుగుతున్న చర్చ ఎక్కువగా లాభనష్టాల పట్టికకు పరిమితమవుతోంది. సాహిత్య బోధనకు సంబంధించినంత వరకు అసలు ప్రశ్న నైతికమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విద్యార్థి పడే శ్రమలో విద్యకు అడ్డుగా నిలిచేది కొంత, తానే విద్య అయినది కొంత. మొదటిదాన్ని తొలగించడం, రెండవదాన్ని కాపాడడం అధ్యాపకుని విధి. సాధనానికి ఈ భేదం తెలియదు. పదచ్ఛేదం, ఛందస్సు, శ్లేషకావ్య పఠనం ఆధారాలుగా ఈ భేదాన్ని పరిశీలించడం, అది విద్యార్థిని బట్టి మారుతుందని చూపడం, దానిని నిర్ణయించే బాధ్యత బోధకునిదేనని నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: టాబ్లెట్, యాప్, పదచ్ఛేదం, ఛందస్సు, శ్లేష, అవధానం, అధ్యయన శ్రమ, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

2011 అక్టోబరు 5న కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ 'ఆకాశ్' టాబ్లెట్‌ను విడుదల చేసింది. తక్కువ ధరకు కళాశాల విద్యార్థి చేతికి ఒక తెరను అందించడం ఆనాటి సంకల్పం. ఆ పథకం ఆశించినంత దూరం సాగలేదు గాని, దాని వెనుక ఉన్న ఆలోచన ఆగలేదు. 2017 జులై 9న 'స్వయం' వేదిక ప్రారంభమైంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం బోధనలో సాంకేతికత వినియోగాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తెచ్చిన నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతం వరకు 'స్వయం' ద్వారా చదివే వీలు కల్పించాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లోని 8వ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంపిణీ చేసింది. ఆ విద్యార్థులు ఏటా ఒక తరగతి చొప్పున దాటితే 2027-28లో డిగ్రీ మొదటి సంవత్సరానికి చేరుకుంటారు. అంటే తెర మీద పాఠం చదవడానికి అలవాటుపడిన తరం తెలుగు శాఖల గుమ్మం ముందుకు వస్తోంది.

ఈ మార్పును గురించి విధాన పత్రాలు 'అందుబాటు', 'నాణ్యత' అనే మాటలతో మాట్లాడతాయి. సాహిత్య అధ్యాపకునికి ఎదురయ్యే ప్రశ్న ఆ మాటలకు పూర్తిగా లొంగదు. ప్రాచీన కావ్యంలోని ఒక పద్యం విద్యార్థి ముందు ఉంది. పదాలు విడదీసి, అన్వయం కుదిర్చి, గణాలు గుర్తించి, తాత్పర్యం చెప్పగల సాధనం అదే విద్యార్థి చేతిలో ఉంది. విద్యార్థి చేయవలసిన పనిని సాధనం చేసిపెట్టినప్పుడు విద్యార్థికి మేలు జరిగినట్లా, అన్యాయం జరిగినట్లా? ఆ తేడాను తేల్చవలసిన వారెవరు? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలకు పరిమితం.

2. వాహకం మారినప్పుడల్లా చేతులు మారిన శ్రమ

సాహిత్యానికి వాహకం మారడం తెలుగువారికి కొత్త అనుభవం కాదు. తాళపత్రాలలో పద్యాన్ని పాదాలుగా విడగొట్టి రాసే ఆచారం లేదు. పదాల మధ్య ఖాళీ ఉండదు. ఆకు చివరి వరకు అక్షరాలు వరసగా సాగిపోతాయి. ఎక్కడ పాదం ముగిసింది, ఎక్కడ పదం తెగింది అన్నది పాఠకుడే తేల్చుకోవాలి. ఛందస్సు తెలిస్తే పాదం దొరుకుతుంది, సంధి తెలిస్తే పదం దొరుకుతుంది. తాళపత్ర సంస్కృతిలో చదవడం అంటేనే పరిష్కరించడం.

19వ శతాబ్దిలో అచ్చు వచ్చి ఈ శ్రమలో కొంత భాగాన్ని పరిష్కర్తకు అప్పగించింది. పాదాలు వేరువేరు పంక్తులయ్యాయి. ప్రతుల పాఠాలను పోల్చి ఒక పాఠాన్ని నిర్ణయించే బాధ్యత పరిష్కర్త తన పేరు మీద స్వీకరించాడు. తరువాత టీకాతాత్పర్యాలతో కూడిన ప్రతులు వచ్చాయి. వేదము వేంకటరాయశాస్త్రి శృంగారనైషధానికి, ఆముక్తమాల్యదకు రచించిన వ్యాఖ్యానాలు పద్యాన్ని పాఠకునికి ఎంతో దగ్గర చేశాయి. అయినా అవి పాఠకుని పనిని రద్దు చేయలేదు. పాఠాన్ని ఎందుకు అలా గ్రహించాలో వ్యాఖ్యాత వాదిస్తాడు, పూర్వులతో విభేదిస్తాడు. చదువరి ఆ వాదాన్ని అనుసరించడంలోనే పద్యాన్ని చదవడం నేర్చుకుంటాడు.

టాబ్లెట్ ఈ క్రమంలో తరువాతి మెట్టు. ఆంధ్రభారతి వంటి అంతర్జాల నిఘంటు వేదికలో శబ్దరత్నాకరాన్ని, సూర్యరాయాంధ్ర నిఘంటువును, బ్రౌన్ నిఘంటువును ఒకే వెతుకులాటతో చూడవచ్చు. పద్యాన్ని టైపు చేస్తే గణాలు, యతి, ప్రాస చూపే సాధనాలు ఉన్నాయి. గ్రంథాలయంలో ఒక పూట పట్టే పని నిమిషంలో ముగుస్తుంది. ప్రతి వాహకమూ పఠన శ్రమలో కొంత భాగాన్ని పాఠకుని నుండి తీసుకుంది కనుక టాబ్లెట్‌ను మాత్రమే దోషిగా నిలబెట్టడం చరిత్రకు సరిపడదు. అయితే ఒక తేడా ఉంది. తాళపత్రం నుండి అచ్చుకు వచ్చినప్పుడు చేతులు మారిన శ్రమ మరొక మనిషికి చేరింది. ఆ మనిషికి పేరుంది, పీఠిక ఉంది, పొరపాటు చేస్తే అడగడానికి వీలుంది. తెర మీదికి వచ్చినప్పుడు ఆ శ్రమ ఎవరికి చేరిందో చాలా సందర్భాలలో చెప్పలేము.

3. రెండు విధాల శ్రమ

అధ్యయనంలోని శ్రమ అంతా ఒకే జాతికి చెందదు. పుస్తకం కోసం జిల్లా కేంద్రానికి వెళ్లిరావడం, అరిగిపోయిన అచ్చులో అక్షరాన్ని పోల్చుకోవడం, నిఘంటువు ఒక్కటే ప్రతి ఉంటే వంతు కోసం వేచి ఉండడం కూడా శ్రమే. ఇవి తొలగితే విద్యకు లోటు లేదు. వీటిని తపస్సుగా కీర్తించడం ఆ కష్టం పడకుండానే గ్రంథాలు దొరికినవారికి సులభం. ఇది అడ్డంకి శ్రమ.

సంధి విడదీయడం, రెండు అర్థాలలో ఏది పొసగుతుందో తూచడం, పద్యాన్ని గొంతెత్తి చదివి విరుపు ఎక్కడ పడాలో వినడం, అన్వయం కుదరక మళ్లీ మొదటి పాదానికి వెళ్లడం వేరే జాతి శ్రమ. వీటి వల్ల లభించేది పద్యార్థం మాత్రమే కాదు, మరో పద్యాన్ని చదవగల శక్తి. అర్థాన్ని ఎవరైనా చేతికి ఇవ్వవచ్చు. శక్తిని మాత్రం అభ్యాసం ద్వారానే సంపాదించాలి. ఇది అభ్యాస శ్రమ.

సాధనం రెండింటినీ ఒకే స్పర్శతో తొలగిస్తుంది. పుస్తకాన్ని ఇంటికి తెచ్చిన వేలితోనే తాత్పర్యాన్ని కూడా తెస్తుంది. ఇక్కడ దోషం యంత్రానిది కాదు. దానికి ఆజ్ఞ తెలుసు, ప్రయోజనం తెలియదు. ఏ శ్రమను తొలగించాలి, దేనిని కాపాడాలి అని నిర్ణయించడమే అధ్యాపక వృత్తిలోని నైతిక కేంద్రం. ఆ నిర్ణయం తీసుకోకుండా టాబ్లెట్‌ను అనుమతించేవారూ, ఆ నిర్ణయం తీసుకోకుండా నిషేధించేవారూ ఒకే బాధ్యత నుండి తప్పుకుంటున్నారు.

4. పదచ్ఛేదం, ఛందస్సు: రెండు నిదర్శనలు

'దానవారి' అనే పదాన్ని తీసుకోవచ్చు. దానవ + అరి అని విడదీస్తే రాక్షసుల శత్రువైన విష్ణువు. దాన + వారి అని విడదీస్తే దానం చేసేటప్పుడు ధారపోసే నీరు. ఈ విధంగా పదాన్ని వేరువేరు చోట్ల విరిచి వేరువేరు అర్థాలు సాధించడం సభంగశ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయం రామాయణ, భారత కథలను ఏకకాలంలో నడిపే ద్వ్యర్థికావ్యం. అక్కడ పదచ్ఛేదం అర్థానికి ముందు జరిగే సన్నాహం కాదు, కావ్యానుభవమే అది. ఒక విరుపు దగ్గర రాముడు కనిపిస్తాడు, మరో విరుపు దగ్గర పాండవులు కనిపిస్తారు. రామరాజభూషణుని హరిశ్చంద్రనలోపాఖ్యానం కూడా ఈ మార్గంలోనిదే. ఇటువంటి పద్యానికి ఒక సాధనం ఒకే పదవిభాగాన్ని ఇచ్చి ఊరుకుంటే, అది ఇచ్చినది తప్పు కాకపోవచ్చు, కానీ సగం కావ్యం మాయమవుతుంది. మాయమైనదని తెలుసుకునే మార్గం కూడా ఆ విద్యార్థికి ఉండదు. లేనిదాన్ని లేదని గుర్తించడానికి కూడా పదచ్ఛేదం తెలిసి ఉండాలి కదా. సాధనం రెండు విభాగాలనూ ఇచ్చిందనుకున్నా ఇబ్బంది పూర్తిగా తీరదు. రెండవ అర్థం హఠాత్తుగా తెరుచుకునే క్షణం పాఠకుని ప్రయత్నానికి లభించే ఫలం. దానిని పట్టికలో చూసినవారికి సమాచారం దక్కుతుంది గాని ఆ చమత్కారం దక్కదు.

రెండవ నిదర్శన ఛందస్సు. గురులఘు నిర్ణయం పూర్తిగా యాంత్రికమని సాధారణాభిప్రాయం. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదవ అక్షరం యతి. ఇందులో లెక్కకు అతీతమైనది ఏముందని అనిపిస్తుంది. 'అతిప్రియము' అనే సమాసంలో 'తి' తరువాత సంయుక్తాక్షరం ఉంది కనుక అది గురువు. 'అది ప్రియము' అన్నప్పుడు 'ది' తరువాత అదే సంయుక్తాక్షరం ఉన్నా, పదాలు వేరు కావడం వల్ల తెలుగు సంప్రదాయంలో అది సాధారణంగా లఘువే. అక్షరాల వరసను మాత్రమే చూసే గణనకు ఈ తేడా దొరకదు. ఎక్కడ పదం ముగిసిందో, ఆ కలయిక సమాసమా కాదా అన్నది తెలియాలి. రేఫతో కూడిన కొన్ని తెలుగు మాటలలో ముందక్షరాన్ని తేల్చి పలికే ఆచారం మరో చిక్కు. యతి విషయానికి వస్తే సంధి జరిగిన చోట స్వరాన్ని గ్రహించాలా, హల్లును గ్రహించాలా అన్నది పదచ్ఛేదం మీద ఆధారపడుతుంది. అఖండయతి విషయంలో లాక్షణికులకే ఏకాభిప్రాయం లేదు. సాధనం 'యతి చెల్లలేదు' అని ఎర్రగీత చూపినప్పుడు, అది కవి దోషమా, పాఠదోషమా, టైపు చేసినవారి పొరపాటా, లాక్షణికుల మతభేదమా అని అడగగలగడమే ఛందోవిద్య.

దీనినుండి ఒక నియమం తేలుతుంది. వచ్చిన విద్యను యంత్రానికి అప్పగించడం వేరు, రాని విద్యను అప్పగించడం వేరు. వందల పద్యాలకు గణవిభజన చేసిన పరిశోధకుడు ఒక కావ్యమంతటా ఏ వృత్తం ఎన్నిసార్లు వచ్చిందో సాధనంతో లెక్కించుకుంటే కాలం కలిసివస్తుంది. ఫలితం తేడాగా ఉంటే పసిగట్టగలడు. అక్కడ యంత్రం అతని అధీనంలో ఉంది. గురులఘువులు తెలియని విద్యార్థి అదే సాధనాన్ని వాడితే విద్యార్థే యంత్రానికి అధీనుడవుతాడు. ఒకే సాధనం, ఒకే తరగతి గది, కానీ నైతిక స్థితి వేరు. అందువల్ల 'ఈ యాప్ మంచిదా, చెడ్డదా' అన్న ప్రశ్నకు సాధనంలో సమాధానం లేదు. ఎవరి చేతిలో, ఏ దశలో అన్న ప్రశ్నకు మాత్రమే సమాధానం ఉంది.

5. కష్టం ఎవరికి గోడ అయింది?

అభ్యాస శ్రమను కాపాడాలన్న వాదానికి ఒక బలమైన ఆక్షేపం ఉంది. కష్టాన్ని కీర్తించే సంప్రదాయం చరిత్రలో చాలామందిని బయట నిలబెట్టింది. గురుముఖతః నేర్వాలన్న నియమం, ఆ గురువు ఎదుట కూర్చునే అర్హత కొన్ని కులాలకు, పురుషులకు మాత్రమే ఉన్న కాలంలో, జ్ఞానరక్షణతో పాటు జ్ఞాననిరోధాన్ని కూడా చేసింది. పద్యం నిత్యం వినిపించే ఇంటి నుండి వచ్చిన విద్యార్థికి పదచ్ఛేదం చెవితోనే అలవడుతుంది. కుటుంబంలో మొదటిసారి కళాశాల మెట్టెక్కిన విద్యార్థికి అది పాఠ్యప్రణాళికలో ఒక భయంకరమైన పేజీ. ఇద్దరికీ సమానమైన కష్టం పెట్టడం సమానత్వం అనిపించుకోదు.

ఈ ఆక్షేపాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. తెలుగు బోధన చరిత్రలోనే దీనికి పూర్వరూపం ఉంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్ ప్రజలు మాట్లాడే భాషకూ పుస్తకాలలోని భాషకూ ఇంత దూరమెందుకని ప్రశ్నించాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను ఉద్యమంగా మలిచాడు. వ్యావహారిక భాషావాదం మూలంలో ఒక తరగతి గది సమస్య. పిల్లవాడు పడుతున్న కష్టంలో విద్యకు పనికివచ్చేదెంత, వృథా అయ్యేదెంత అన్నదే ఆ సమస్య. గిడుగు సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం వాచకాలు తయారు చేశాడు. అడ్డంకి శ్రమను తొలగించడానికి తాను అభ్యాస శ్రమ పడ్డాడు. ఈ క్రమం గమనించదగినది. విద్యార్థికి సులభం చేయడం కోసం అధ్యాపకుడు మరింత కష్టపడ్డాడు. నేటి సాధనాలు చాలా సందర్భాలలో ఇద్దరి కష్టాన్నీ ఒకేసారి తగ్గిస్తామంటాయి. అనుమానించవలసింది ఆ హామీనే.

పై ఆక్షేపం నుండి రెండు విషయాలు అంగీకరించాలి. మొదటిది, ఒక విద్యార్థికి అభ్యాస శ్రమ అయినది మరొకరికి అడ్డంకి శ్రమ కావచ్చు. చూపు లేని విద్యార్థికి పాఠాన్ని బిగ్గరగా చదివి వినిపించే సాధనం పాఠ్యగ్రంథం తోనే సమానం. ఆ విద్యార్థి విషయంలో 'తరగతిలో పరికరాలు వద్దు' అనడం 'పుస్తకం వద్దు' అనడమే. ఇక్కడ తెలుగు శాఖలు పట్టించుకోని ఒక సంగతి ఉంది. పాఠం పేజీల ఛాయాచిత్రాలుగా పి.డి.ఎఫ్.లో ఉంటే, లేదా యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఉంటే, ఆ సాధనం దానిని నేరుగా చదవలేదు. తెరలు పంచిపెట్టి, చదవగల పాఠాన్ని సిద్ధం చేయకపోవడం దానం చేసి తాళం చెవి దాచుకున్నట్లే.

రెండవది, అందుబాటు అందరికీ ఒకే తీరుగా లేదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017-18 లెక్కల ప్రకారం గ్రామీణ కుటుంబాలలో 4.4 శాతానికి, పట్టణ కుటుంబాలలో 23.4 శాతానికి కంప్యూటర్ ఉంది. అంతర్జాల సౌకర్యం గ్రామాలలో 14.9 శాతం, పట్టణాలలో 42 శాతం కుటుంబాలకు ఉంది. ఆ తరువాత చవకైన ఫోన్లు వ్యాపించి పరిస్థితి మారింది. అయినా ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో దానిపై మొదటి హక్కు ఎవరిది, ఆడపిల్ల వంతు ఎప్పుడు వస్తుంది అన్న ప్రశ్నలు గణాంకాలకు అందవు. పరికరం లేనివారిని శిక్షించే పరికరాధార బోధన పాత గోడ స్థానంలో కొత్త గోడ కట్టడమే.

అయితే ఈ ఆక్షేపం చెప్పని మాట కూడా ఒకటుంది. మొదటితరం విద్యార్థికి సిద్ధమైన తాత్పర్యాన్ని ఇచ్చి పంపేస్తే న్యాయం జరిగినట్లు కాదు. పద్యం వినిపించే ఇంటివారికి విద్య, మిగిలినవారికి జవాబు అన్న విభజన పాత అసమానతకే కొత్త రూపం. పరీక్ష గట్టెక్కడానికి జవాబు చాలు. కావ్యం మీద స్వతంత్రంగా అభిప్రాయం చెప్పడానికి, పెద్దల వ్యాఖ్యను కాదనడానికి పఠనశక్తి కావాలి. ఆ శక్తి ఎవరికి అత్యవసరమో వారి నుండే దానిని సానుభూతి పేరుతో తప్పించడం అన్యాయం.

6. అవధానం

'అవధానం' అంటే ఏకాగ్రత, శ్రద్ధ. ఆ మాటతోనే తెలుగువారు ఒక సాహిత్య ప్రక్రియకు పేరు పెట్టుకున్నారు. అష్టావధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి అంశాలతో పాటు అప్రస్తుత ప్రసంగం కూడా ఉంటుంది. పద్యం అల్లుతున్న అవధాని దృష్టిని సంబంధం లేని ప్రశ్నలతో చెదరగొట్టడం ఆ పృచ్ఛకుని పని. మోగే గంటలను లెక్కపెట్టుకోవడం మరో పరీక్ష. అంటే ఏకాగ్రతకు భంగం కలిగించడాన్ని కూడా ఈ సంప్రదాయం విద్యలో భాగం చేసుకుంది.

ఆ భంగాన్ని, టాబ్లెట్ తెర మీద వచ్చే ప్రకటనల పిలుపును పక్కపక్కన పెడితే నైతిక భేదం స్పష్టమవుతుంది. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఎదుట కూర్చుని ఉంటాడు. అవధాని దానికి ముందే సమ్మతించాడు. సభ అంతా దానిని చూస్తుంది. పృచ్ఛకుడు అవధాని ధారణను పరీక్షిస్తాడే తప్ప దానిని అమ్ముకోడు. ఉచిత యాప్‌లో మధ్యమధ్య మోగే పిలుపుకు ఈ లక్షణాలలో ఒక్కటీ లేదు. విద్యార్థి శ్రద్ధే అక్కడ సరుకు.

శ్రద్ధ వ్యక్తిగత విషయమని, చెడితే ఆ విద్యార్థే చెడతాడని వాదించవచ్చు. 2013లో సనా, వెస్టన్, సెపెడా కెనడాలో జరిపిన ప్రయోగంలో, తరగతి సమయంలో ల్యాప్‌టాప్ మీద వేరే పనులు చేసినవారి అవగాహనతో పాటు, ఆ తెర కనబడేలా కూర్చున్న ఇతరుల అవగాహన కూడా తగ్గినట్లు తేలింది. తరగతి గదిలో శ్రద్ధ ఉమ్మడి ఆస్తి. ఒకరి తెర మరొకరి పద్యాన్ని చెదరగొట్టగలిగినప్పుడు, దానిని అదుపులో పెట్టడం అధ్యాపకుని అధికార ప్రదర్శన కాబోదు. మిగిలిన విద్యార్థుల పట్ల అది అతని కర్తవ్యం.

7. జవాబుదారీతనం

అచ్చుప్రతికి పరిష్కర్త ఉన్నట్లు తెర మీది పాఠానికి చాలాసార్లు పరిష్కర్త ఉండడు. అర్ధానుస్వారం, శకటరేఫ లేకుండా టైపు చేసిన ప్రాచీన పాఠంలో సంవత్సరం అనే అర్థమిచ్చే 'ఏఁడు', సంఖ్య అయిన 'ఏడు' ఒకటైపోతాయి. నది అనే 'ఏఱు', పోగుచేయడమనే 'ఏరు' కలిసిపోతాయి. అచ్చుపేజీని యంత్రం చదివి అక్షరాలుగా మార్చేటప్పుడు 'ప', 'వ' వంటి పోలిక గల అక్షరాలు తారుమారు కావచ్చు. ఆ పాఠాన్ని ప్రమాణంగా తీసుకుని అర్థం చెప్పుకున్న విద్యార్థి ఎవరిని ప్రశ్నించాలి? ఇటీవలి సంభాషణా యాప్‌లు మరో అడుగు ముందుకు వేసి, అడిగిన కవి పేరు మీద లేని పద్యాన్ని కూడా తడబాటు లేకుండా చెప్పగలవు.

అధ్యాపకుడు కూడా పొరపడతాడు. భౌతికంగా ఎదుట ఉన్నంత మాత్రాన ఎవరూ గురువు కారు. కన్యాశుల్కంలో వెంకటేశానికి గిరీశం చెప్పిన చదువే అందుకు తెలుగు సాహిత్యం చూపిన శాశ్వత ఉదాహరణ. అయితే గిరీశాన్ని పట్టుకోవచ్చు, నిలదీయవచ్చు. నాటకం చివరికి ఆ పనే చేసింది. మంచి అధ్యాపకుడు తెలియని చోట 'ఇది నాకు తెలియదు, రేపు చూసి చెబుతాను' అంటాడు. ఆ వాక్యంలో రెండు ప్రతిజ్ఞలున్నాయి. జ్ఞానానికి హద్దు ఉందని ఒప్పుకోవడం ఒకటి, రేపు మళ్లీ విద్యార్థి ఎదుట నిలబడతానని మాట ఇవ్వడం రెండవది. సాధనం మొదటిదాన్ని అనుకరించవచ్చునేమో గాని రెండవదానికి దాని దగ్గర రేపు అనేది లేదు. విద్యార్థి పట్ల అధ్యాపకుని బాధ్యతకు ఆధారం ఈ రేపే.

నిఘా ప్రశ్న కూడా ఇక్కడిదే. విద్యార్థి ఏ పేజీలో ఎన్ని నిమిషాలు ఉన్నాడో యాప్‌లు నమోదు చేయగలవు. ఇంటర్మీడియట్ విద్యార్థులలో చాలామంది 18 ఏళ్ల లోపువారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అటువంటివారి సమాచార వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. చట్టం మాట అటుంచినా, ఒక పద్యం ముందు ఎక్కువసేపు ఆగినవారు అర్థంకాక ఆగారో, అందానికి ఆగారో నిమిషాల లెక్క చెప్పలేదు. ఆ లెక్కతో మార్కులు వేయడం పఠనాన్ని కొలిచినట్లు కాదు.

8. ఆచరణకు కొన్ని సూత్రాలు

పై చర్చ నుండి తెలుగు తరగతికి వర్తించే క్రమం ఒకటి రూపొందుతుంది. పాఠం ముందుగా అందరికీ చేరాలి. టాబ్లెట్ ఉన్నవారికి తెర మీద, లేనివారికి కాగితం మీద, చూపు లేనివారికి వినగల రూపంలో చేరాలి. ఇది అడ్డంకి శ్రమను తొలగించే దశ. తరగతిలో పద్యం మొదటిసారి చదివేటప్పుడు, పదచ్ఛేదం చేసేటప్పుడు అర్థం చెప్పే సాధనాలు మూసి ఉండాలి. వినికిడి కోసం, చూపు కోసం వాడే సాధనాలకు ఈ నియమం వర్తించదు. విద్యార్థులు తమ విభాగాన్ని ప్రతిపాదించి, విభేదించి, ఒక నిర్ణయానికి వచ్చిన తరువాత తెర తెరుచుకోవాలి. అప్పుడు మూడు నిఘంటువులను పోల్చవచ్చు, రెండు ముద్రణల పాఠాలను పక్కపక్కన ఉంచవచ్చు, ఛందస్సు యంత్రం ఎక్కడ పొరపడిందో వెతకవచ్చు. తన తప్పును పట్టగలిగినవారి ముందే సాధనం మంచి సేవకుడవుతుంది.

ఈ క్రమానికి సమయం పడుతుంది. ఒక సెమిస్టరులో చదవగల పద్యాల సంఖ్య తగ్గవచ్చు. పాఠ్యప్రణాళికా సంఘాలు ఈ మూల్యాన్ని అంగీకరించకపోతే, వేగంగా ముగించవలసిన అధ్యాపకుడు అనివార్యంగా సిద్ధ తాత్పర్యం వైపే మొగ్గుతాడు. కాబట్టి బాధ్యత ఒక్క అధ్యాపకుని మీద వదిలేయదగినది కాదు. యునెస్కో 2023లో వెలువరించిన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక విద్యలో సాంకేతికత ఎవరి షరతుల మీద పనిచేస్తోందని తన శీర్షికలోనే ప్రశ్నించింది. తెలుగు శాఖలలో ఆ షరతులు రాయవలసింది బోధకులు, విద్యార్థులు కలిసి. పరికరాలు కొనే సంఘంలో సాహిత్య అధ్యాపకుని గొంతు లేకపోతే ఆ షరతులు అమ్మేవారే రాస్తారు.

9. ఉపసంహారం

టాబ్లెట్ తెలుగు సాహిత్యానికి శత్రువు కాదు. దూరంగా ఉన్న గ్రంథాన్ని దగ్గరకు తెచ్చే సామర్థ్యంలో దానికి సాటి వచ్చే వాహకం ఇంతకుముందు లేదు. అయితే గ్రంథం దగ్గర కావడం, చదువు రావడం రెండు వేరు సంగతులు. మొదటిదాన్ని పంపిణీ చేయవచ్చు. రెండవదాన్ని ప్రతి విద్యార్థీ తన పూనికతో, మరొకరి తోడుతో సంపాదించుకోవాలి. ఏ కష్టాన్ని తీసివేయాలో, ఏ కష్టంలో విద్యార్థి పక్కన నిలబడాలో తెలుసుకోవడం అధ్యాపక ధర్మం. ఈ ధర్మాన్ని పాటించడానికి విద్యార్థిని పేరుతో, ముఖంతో, ఇంటి పరిస్థితితో సహా ఎరిగి ఉండాలి. తరగతిలో 60 మంది ఉంటే 60 రకాల అడ్డంకులు ఉంటాయి. వాటిని ఎరగని తరగతిలో టాబ్లెట్ ఉన్నా, లేకపోయినా, నష్టపోయేది పద్యం వినిపించని ఇంటి నుండి వచ్చిన విద్యార్థే.